గ్యాస్ మాత్ర ఎన్నాళ్లు వేసుకోవాలి?

ప్రశ్న: నా వయసు 58. మోకాళ్ల నొప్పులకు ఆరేళ్లుగా డైక్లోఫెనాక్ మాత్రలు వాడుతున్నాను. రెండేళ్ల కిందట కడుపులో మంట ఎక్కువై ఎండోస్కోపీ చేయిస్తే చిన్నపేగు మొదట్లో పుండు ఉందన్నారు. అప్పుడు రాసిచ్చిన గ్యాస్ మాత్రనే ఇప్పటికీ మెడికల్ షాపులో కొనుక్కుని, పొద్దున టిఫిన్ అయ్యాక వేసుకుంటున్నాను. అయినా రాత్రి పడుకోగానే పుల్లటి నీళ్లు గొంతులోకి వస్తున్నాయి. మానేద్దామంటే మూడో రోజుకల్లా మంట రెట్టింపవుతోంది. ఈ మాత్రలతో కిడ్నీలు పాడవుతాయని మా ఆడపడుచు అంటున్నారు. మానేయమంటారా, కొనసాగించమంటారా? మాత్రల రేకు జతచేస్తున్నాను.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు పంపిన రేకు ముక్కను జాగ్రత్తగా చూశాను. షాపులో కత్తెరతో కోసి ఇవ్వడం వల్ల మందు పేరులో సగమే మిగిలింది కానీ, వెనుక వైపు పాంటాప్రజోల్ 40 మి.గ్రా., డొంపెరిడోన్ 30 మి.గ్రా. అని చదవడానికి వీలైంది. అంటే మీరు వేసుకుంటున్నది ఒక మందు కాదు, రెండు. వీటిలో పాంటాప్రజోల్ ఆమ్లాన్ని తగ్గిస్తుంది. డొంపెరిడోన్ వాంతులకు, వికారానికి ఇచ్చే మందు. గుండె లయను దెబ్బతీసే ప్రమాదం ఉన్నందున దీన్ని తక్కువ రోజులే వాడాలి, ఏళ్ల తరబడి మింగవలసినది కాదు. మీకు వాంతులు లేవు కాబట్టి, మీ డాక్టరుకు చూపించి ఈ రెండో మందు లేని పాంటాప్రజోల్ మాత్రను రాయించుకోండి.

ఇక వేసుకునే వేళ సంగతి. జీర్ణాశయం గోడలోని కొన్ని కణాలకు ఆమ్లాన్ని బయటికి తోసే పంపులు ఉంటాయి, తిండి లోపలికి వెళ్లినప్పుడు అవి పెద్ద సంఖ్యలో పనిలోకి దిగుతాయి. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్, రాబిప్రజోల్ వంటి మందులు రక్తంలో కలిసి ఆ కణాలను చేరి, సరిగ్గా అప్పుడు పనిచేస్తున్న పంపులనే మూసివేస్తాయి. పైగా ఇవి రక్తంలో నిలిచేది కొద్ది గంటలే. అందువల్ల పరగడుపున, టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు వేసుకున్న మాత్ర చేసే పని, ఇడ్లీలు తిన్నాక వేసుకున్న మాత్ర చేయలేదు. మీ మందు రెండేళ్లుగా సగం బలంతోనే పనిచేసి ఉండవచ్చు. నమలకుండా, పొడి చేయకుండా మింగండి, ఎందుకంటే మందు కడుపులోని ఆమ్లానికే పాడైపోకుండా దాని మీద పూత ఉంటుంది.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది గ్యాస్ మాత్ర కాదు, డైక్లోఫెనాక్. చిన్నపేగు మొదట్లోని పుండు సాధారణంగా నాలుగు వారాల మందుతో మానుతుంది, కానీ దానికి కారణమైనది అలాగే ఉంటే మానిన పుండు మళ్లీ వస్తుంది. నొప్పి మాత్రలు జీర్ణాశయపు లోపలి పొరకు రక్షణనిచ్చే పదార్థాల తయారీని అడ్డుకుంటాయి. రెండో ముఖ్య కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా, ఇది మన దేశంలో చాలామంది కడుపులో ఉంటుంది. కారం, దిగులు వల్లే పుండ్లు వస్తాయని నమ్మిన రోజుల్లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ దీన్ని బయటపెట్టారు. ఎవరూ నమ్మకపోవడంతో మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియాను తానే తాగి జబ్బుపడి చూపించారు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఇంత తెలిశాక కూడా ఆ పరీక్ష చేయకుండా ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలతో సరిపెట్టడం నాకు బాధ కలిగిస్తుంది. బ్యాక్టీరియా ఉంటే రెండు వారాల యాంటీబయాటిక్ కోర్సుతో దాన్ని తొలగించవచ్చు.

మీకు ఈ పరీక్ష చేసినట్టు ఉత్తరంలో లేదు. శ్వాస పరీక్ష గానీ మల పరీక్ష గానీ చేయించుకోవచ్చు, కానీ రెండు వారాల ముందు నుంచి పాంటాప్రజోల్ ఆపకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేదని ఫలితం వచ్చే అవకాశం ఉంది. ఇక్కడ వరుస తప్పకూడదు: ముందు మీ ఎముకల డాక్టరుతో మాట్లాడి డైక్లోఫెనాక్ ఆపి, పారాసెటమాల్, మోకాళ్లకు పూసే జెల్, తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామాలతో నొప్పిని అదుపు చేసుకోవాలి, ఆ తర్వాతే డాక్టరు సలహాతో పాంటాప్రజోల్ ఆపాలి. నొప్పి మాత్ర వేసుకుంటూ గ్యాస్ మాత్ర మానేయడం మీ విషయంలో ప్రమాదకరం. నొప్పి మాత్ర తప్పదని వారు నిర్ణయిస్తే, గ్యాస్ మాత్ర కూడా దానికి తోడుగా కొనసాగాల్సిందే.

మానగానే మంట రెట్టింపు కావడానికి జబ్బు ముదరడమే కారణం కానవసరం లేదు. ఇంతకాలం అణచి ఉంచిన కణాలు మందు తీసేయగానే మామూలు కంటే ఎక్కువ ఆమ్లాన్ని తయారుచేస్తాయి, ఈ ఉధృతి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఆ రోజుల్లో మంట లేచినప్పుడు యాంటాసిడ్ సిరప్ తాగవచ్చు. పూర్తిగా మానే సమయం వచ్చినప్పుడు 40 నుంచి 20కి, తర్వాత రోజు విడిచి రోజుకు మెల్లగా తగ్గించుకుంటే ఇంత బాధ ఉండదు.

మీ ఆడపడుచు గారి మాటలో కొంత నిజం ఉంది. ఈ మందులు అరుదుగా కిడ్నీల్లో వాపు తెస్తాయి. దీర్ఘకాలం వాడినవారిలో బి12, మెగ్నీషియం తగ్గవచ్చు. కాబట్టి రక్తంలో కిడ్నీల పనితీరును తెలిపే క్రియాటినిన్‌తో పాటు ఆ రెండూ ఒకసారి చూపించుకోండి. నిజానికి డైక్లోఫెనాక్ వల్ల కిడ్నీలకు ఉన్న ముప్పు ఇంతకంటే ఎక్కువ.

రాత్రి పుల్లటి నీళ్లకు, భోజనం పడుకోవడానికి మూడు గంటల ముందే ముగించి, మంచం తలవైపు కోళ్ల కింద ఆరు అంగుళాల ఎత్తున చెక్క దిమ్మెలు పెట్టించండి. దిండు మీద దిండు వేస్తే మెడ వంగుతుందే తప్ప ఛాతీ పైకి లేవదు. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే కూడా తేడా తెలుస్తుంది.

నొప్పి మాత్రల వల్ల వచ్చే పుండు ఒక్కోసారి నొప్పే లేకుండా రక్తం కారుస్తుంది. ఐరన్ మాత్రలతోనూ మలం నల్లబడుతుంది కానీ, తారులా జిగటగా, దుర్వాసనతో నల్లటి విరేచనం అయినా, రక్తపు వాంతి అయినా, నిలబడగానే కళ్లు తిరిగినా మరుసటి రోజు దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి, మాత్రల రేకులన్నీ వెంట తీసుకువెళ్లండి.