మోకాళ్ల నొప్పులున్నా న్యూయార్క్ చూడొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాడు. మే నెలలో మేమిద్దరం వెళ్తున్నాం. వాడికి వారమంతా ఆఫీసే. మేమే రైల్లో న్యూయార్క్ వెళ్లి చూసి రాగలమా? ఆయనకు మోకాళ్ల నొప్పులు, అదే నా టెన్షన్. (ఒక పాఠకురాలు, రాజమండ్రి)

జవాబు: నిక్షేపంగా వెళ్లి రావచ్చమ్మా. అబ్బాయికి ఎప్పుడు తీరుతుందా అని కిటికీలోంచి చూస్తూ కూర్చోవాల్సిన పనిలేదు. ఎడిసన్‌లో న్యూజెర్సీ ట్రాన్సిట్ రైలెక్కితే దాదాపు గంటలో మాన్‌హట్టన్ నడిబొడ్డున పెన్ స్టేషన్‌లో దింపేస్తుంది. 62 ఏళ్లు నిండినవాళ్లకు టికెట్‌లో రాయితీ ఉంది, వయసు రుజువు దగ్గర పెట్టుకోండి. టికెట్ ఎక్కకముందే కొనాలి, రైల్లో కొంటే అదనంగా వడ్డిస్తారు. ఇంకోటి, న్యూవార్క్‌లో కూడా ఒక పెన్ స్టేషన్ ఉంది, పైగా అదే ముందొస్తుంది. ‘పెన్ స్టేషన్’ అని వినపడగానే బ్యాగు తీసుకుని అక్కడ దిగిపోయేరు!

అసలు కష్టం దిగాక మొదలవుతుంది. సబ్‌వేలో, అంటే ఊళ్లోని మెట్రో రైళ్లలో, 472 స్టేషన్లుంటే, లిఫ్టుతో ప్లాట్‌ఫారం దాకా వెళ్లగలిగేవి మూడో వంతుకు అటూ ఇటూగా ఉంటాయి. ఆ ఉన్న లిఫ్టులు కూడా ఏ రోజు మూలపడతాయో చెప్పలేం. కాబట్టి మ్యాప్‌లో వీల్‌చెయిర్ బొమ్మ ఉన్న స్టేషన్లే చూసుకోండి, లేదంటే హాయిగా సిటీ బస్సెక్కండి. అడిగితే డ్రైవరు బస్సు ముందు భాగాన్ని కిందికి దించుతాడు, ఫుట్‌పాత్ మీద నుంచి ఒక్క అడుగు వేస్తే లోపలే ఉంటారు. ముందు సీట్లు పెద్దవాళ్లవే, మొహమాటపడకండి. మాడిసన్ ఎవెన్యూ మీద బస్సులు పైకి, అంటే ఉత్తరానికి వెళ్తాయి, ఫిఫ్త్ ఎవెన్యూ మీద కిందికి వస్తాయి. ఫిఫ్త్ ఎవెన్యూ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఒకవైపు సెంట్రల్ పార్కు, ఆ తర్వాత పెద్ద చర్చి, ఎంపైర్ స్టేట్ భవనం అన్నీ బస్సు చార్జీతోనే కనపడతాయి. ట్రాఫిక్‌లో నత్తనడకే అనుకోండి, కానీ మీకేం తొందర?

రోజుకు రెండు చోట్లకు మించి పెట్టుకోకండి. ‘ఒక్కరోజులో పన్నెండు చూశాం’ అని వాట్సాప్‌లో గొప్పలు పోయేవాళ్లు మర్నాడు మంచం దిగారో లేదో చెప్పరు.

ప్రశ్న: సబ్‌వేకి కార్డు ఎక్కడ కొనాలి? మెట్రోకార్డు అని మా బావగారు చెప్పారు. (గుంటూరు నుంచి)

జవాబు: మీ బావగారు చెప్పింది పాత సంగతి. మెట్రోకార్డు అమ్మకం 2025 చివరితో ఆగిపోయింది. ఇప్పుడు ఓమ్నీ అనే ట్యాప్ పద్ధతి. మీ బ్యాంకు కార్డు మీద ట్యాప్ గుర్తుంటే దాన్నే గేటు దగ్గర ఆనించి లోపలికి వెళ్లిపోవచ్చు. కాకపోతే మన కార్డులకు విదేశీ లావాదేవీ రుసుము పడుతుంది, అందుకని ఎక్కువ తిరిగేవాళ్లు స్టేషన్‌లోని మిషన్ దగ్గర ఓమ్నీ కార్డు కొనుక్కోవడం నయం. 2026 జనవరి నుంచి చార్జీ 3 డాలర్లు. ఏడు రోజుల్లో ఒకే కార్డు మీద 35 డాలర్లు అయిపోతే ఆ వారంలో ఆపైన తిరిగినదంతా ఉచితం. ఈ లెక్క ఒక కార్డుకు ఒక మనిషికే, అందుకని భార్యాభర్తలు చెరో కార్డు వాడండి. సబ్‌వే గేటు దగ్గర కార్డు ఆనించినప్పటి నుంచి రెండు గంటల్లోపు అదే కార్డుతో బస్సెక్కితే మళ్లీ డబ్బు పోదు. న్యూజెర్సీ నుంచి వచ్చే పాత్ రైళ్లకు మాత్రం ఇది వర్తించదు, వాటి చార్జీ వేరే.

చిన్న స్టేషన్లలో అప్‌టౌన్‌కి, అంటే ఉత్తరానికి, ఒక మెట్ల దారి, డౌన్‌టౌన్‌కి, అంటే దక్షిణానికి, రోడ్డు అవతల ఇంకో దారి ఉంటాయి. బోర్డు చదవకుండా దిగారంటే మళ్లీ పైకెక్కి, రోడ్డు దాటి, మళ్లీ డబ్బు కట్టాలి. ఇంకా ఒక మాట. కిక్కిరిసిన రైల్లో ఒక్క పెట్టె ఖాళీగా కనపడితే అదృష్టం అనుకోకండి. ఏసీ పాడై ఉంటుంది, లేదా లోపల భరించలేని కంపు ఉంటుంది.

ప్రశ్న: లిబర్టీ విగ్రహం దగ్గరికి వెళ్లాలంటే దారిలోనే టికెట్లు అమ్ముతారట కదా? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: అమ్ముతారు, కొనకండి. పడవలు బయల్దేరే బ్యాటరీ పార్కు చుట్టూ మెడలో కార్డు వేసుకుని పిలిచేవాళ్లు కొందరు మిమ్మల్ని విగ్రహం పక్కగా తిప్పి తెచ్చే పడవ ఎక్కిస్తారు, దీవి మీద అడుగు కూడా పెట్టనివ్వరు. దీవిలో దింపే అనుమతి ఉన్నది స్టాట్యూ సిటీ క్రూజెస్ పడవలకే, ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. కిరీటం దాకా ఎక్కాలంటే టికెట్ చాలా ముందుగా కొనాలి, పీఠం దాటాక 162 ఇరుకు మెట్లు, లిఫ్టు లేదు.

దూరం నుంచి చూస్తే చాలు అనుకుంటే స్టాటెన్ ఐలండ్ ఫెర్రీ ఉంది. పెద్ద నారింజ రంగు పడవ, రాత్రింబవళ్లు నడుస్తుంది, పైసా తీసుకోరు. దీనికి టికెట్ అమ్మబోతే ఆ మనిషి మోసగాడే. వెళ్లేటప్పుడు కుడివైపు నిలబడండి, విగ్రహం అటే వస్తుంది. అవతలికి 25 నిమిషాలు. అక్కడ అందరూ దిగి, చుట్టూ తిరిగొచ్చి మళ్లీ ఎక్కాలి, కూర్చునే ఉంటామంటే కుదరదు. నన్నడిగితే పెద్దవాళ్లకు ఇదే మేలు.

ప్రశ్న: బాత్రూములు? సిగ్గుపడుతూనే అడుగుతున్నా. (పేరు వద్దన్న పాఠకురాలు, విజయవాడ)

జవాబు: సిగ్గెందుకమ్మా, అందరూ అడగాల్సిన ప్రశ్న ఇది. సబ్‌వే స్టేషన్లను నమ్ముకోవద్దు. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్, మేసీస్ లాంటి పెద్ద షాపులు చూసుకోండి. అన్నిటికన్నా మేలు 42వ వీధిలో పెద్ద లైబ్రరీ వెనకున్న బ్రయంట్ పార్కు. అక్కడి బాత్రూములో పూలు కూడా పెడతారు! పార్కులో కుర్చీలు, బల్లలు ఉచితం, పులిహోర డబ్బా అక్కడే విప్పుకోవచ్చు.

ప్రశ్న: నాలుగు రోజులు మన తిండి లేకుండా ఎలా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: లెక్సింగ్టన్ ఎవెన్యూలో 28వ వీధి చుట్టుపక్కల మన హోటళ్లు వరసగా ఉన్నాయి. కానీ ఒక పూట తీరిక చేసుకుని టైమ్స్ స్క్వేర్‌లో 7వ నంబరు రైలెక్కి చివరి స్టేషను ఫ్లషింగ్ దాకా వెళ్లండి. క్వీన్స్‌లో ఎక్కువ దూరం రైలు వంతెన మీదే పోతుంది, ఊరంతా కింద కనపడుతుంది. అక్కడి గణపతి గుడి 1977 నాటిది, స్టేషన్ నుంచి మైలు దూరం, నడవలేకపోతే బస్సుంది. గుడి కింది అంతస్తులో క్యాంటీన్, వేడివేడి దోసెలు, ఇడ్లీలు. వారాంతాల్లో క్యూ పెద్దదే, పన్నెండు లోపు వెళ్లండి.