తువ్వాలు కడితే క్రషర్ దుమ్ము ఆగుతుందా?

ప్రశ్న: మా ఆయన పర్లాకిమిడి దగ్గర రాళ్ల క్రషర్‌లో ఎనిమిదేళ్లుగా పని చేస్తున్నారు. పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. టీబీ మందులు వాడినా తగ్గలేదు. ఇది దుమ్ము వల్లేనా?
– ఒక సోదరి, గజపతి జిల్లా

జవాబు: అయ్యుండొచ్చమ్మా. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్ వస్తుంది, ఎక్స్‌రేలో అది టీబీలాగే కనబడొచ్చు, పైగా అది ఉన్నవాళ్లకు టీబీ సోకే ముప్పూ ఎక్కువే. ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించి, ముందు ఆయన చేసే పనేంటో చెప్పండి (చాలామంది చెప్పరు!). దెబ్బతిన్న ఊపిరితిత్తి మళ్లీ బాగవదు కాబట్టి ఆ దుమ్ముకి దూరంగా ఉండే పని చూసుకోవాలి. తువ్వాలుకి కంటికి కనబడే దుమ్మే ఆగుతుంది, ప్రాణం తీసేది కనబడని దుమ్ము. ఎన్95 మాస్క్ కొంత నయం, కానీ రాయి పగిలే చోట నీళ్లు చల్లించాల్సింది యజమానే. పని వల్ల వచ్చే జబ్బులుగా ప్రభుత్వానికి తెలపాల్సిన వాటి జాబితాలో సిలికోసిస్ ఉంది; 1948 ఫ్యాక్టరీల చట్టంలోనూ ఉండేది, 2025లో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లోనూ ఉంది. ఈఎస్ఐ కార్డుంటే పరిహారం అడగండి, మొహమాటపడకండి.