‘త్వరలో వస్తుంది’ అని అమ్మిన ఆంప్ మోడలర్: రాని ఫీచర్‌కు డబ్బు అడగవచ్చా?

ప్రశ్న: ఇరవై నెలల కిందట ఒక డిజిటల్ గిటార్ ఆంప్ మోడలర్ కొన్నాను, అంటే రకరకాల గిటార్ ఆంప్లిఫయర్ల శబ్దాన్ని అనుకరించే పెట్టె. కొనకముందు కంపెనీ వెబ్‌సైట్‌లోనూ, విడుదల వీడియోలోనూ మూడు సంగతులు చెప్పారు. అసలు ట్యూబ్ ఆంప్‌కూ దీనికీ తేడా ఎవరూ పట్టలేరన్నారు. ప్రీసెట్లను, అంటే ముందే కూర్చి దాచుకున్న శబ్దపు అమరికలను, కంప్యూటర్ తెర మీద సవరించుకునే ఎడిటర్ వస్తుందన్నారు. మన సొంత ఆంప్‌కు మైకు పెట్టి దాని శబ్దాన్ని పెట్టెలో బంధించుకునే ‘క్యాప్చర్’ సదుపాయం ఉచిత ఫర్మ్‌వేర్ (పెట్టెను లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌గా త్వరలో వస్తుందన్నారు. ఎడిటర్ ఏడాది ఆలస్యంగా వచ్చింది. క్యాప్చర్ రాలేదు. ఇప్పుడు అదే కంపెనీ కొత్త మోడల్ ప్రకటించి, క్యాప్చర్ దానిలోనే ఉంటుందంటోంది. అడిగితే, ‘ఫీచర్లు ముందస్తు సమాచారం లేకుండా మారవచ్చునని షరతుల్లో ఉంది’ అని జవాబిచ్చారు. నేను స్టేజి మీద వాయిస్తూ కొంత సంపాదిస్తాను కూడా. ఇది మోసం కాదా? పోలీసు కేసు పెట్టవచ్చా? డబ్బంతా తిరిగి వస్తుందా?

జవాబు: క్యాప్చర్ విషయంలో మీ ఫిర్యాదుకు బలం ఉంది. పోలీసు కేసు వద్దు. డబ్బంతా తిరిగి రావడం కష్టం, కొంత భాగం రాబట్టుకోవచ్చు. అయితే మీ లేఖలో నన్ను కంగారు పెట్టింది వీటిలో ఏదీ కాదు, ‘ఇరవై నెలలు’ అన్న మాట. దాని సంగతి కాస్త ఆగి చెబుతాను.

మీరు ఒకే గాటన కట్టిన మూడు మాటలూ చట్టం దృష్టిలో మూడు వేర్వేరు జాతులవి. ‘తేడా ఎవరూ పట్టలేరు’ అన్నది వ్యాపారి గొప్ప. అరచేతిలో వైకుంఠం చూపించడం అమ్మకంలో భాగమేనని కోర్టులు ఎప్పుడో ఒప్పుకున్నాయి. దాన్ని పట్టుకుని వెళితే నష్టపోయేది మీరే, ఎందుకంటే అవతలి వకీలు మీ బలమైన వాదాన్ని పక్కన పెట్టి రోజంతా దీని మీదే మాట్లాడతాడు. అలాగని ప్రకటనలో ఉన్నదంతా గొప్పలే అనుకోవలసిన పనీ లేదు. 1892లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పిన కార్లిల్ కేసు ఇందుకు మొదటి పాఠం. తమ పొగ బంతిని (ముక్కుతో మందు పొగ పీల్చే సాధనం) చెప్పిన పద్ధతిలో వాడాక కూడా ఇన్‌ఫ్లుయెంజా వస్తే 100 పౌండ్లు ఇస్తామని ఒక కంపెనీ ప్రకటించింది. తమ చిత్తశుద్ధికి గుర్తుగా 1,000 పౌండ్లు బ్యాంకులో వేశామని కూడా రాసింది. తీరా ఒకామెకు జబ్బు చేస్తే, అదంతా ఉత్త ప్రచారమేనని వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. అంత కచ్చితంగా చెప్పినవారు దానికి కట్టుబడాలి. మోడలర్ల ప్రకటనల్లో కూడా గీత సరిగ్గా అక్కడే పడుతుంది. ‘అద్భుతమైన శబ్దం’ గొప్ప. ఒకేసారి ఇన్ని ఎఫెక్టులు నడుస్తాయి, తీగ మీటాక శబ్దం రావడానికి ఇన్ని మిల్లీసెకన్లకు మించి పట్టదు, కంప్యూటర్‌కు కలిపితే ఇన్ని చానళ్లలో రికార్డు చేస్తుంది అన్నవి కొలిచి చూడదగిన మాటలు, అంటే హామీలు.

ఎడిటర్‌ను వదిలేయండి. ఆలస్యంగానైనా వచ్చింది, మీరు వాడుతున్నారు. తేదీ చెప్పి తప్పి ఉంటే, ఆ ఆలస్యం వల్ల ఫలానా నష్టం జరిగిందని చూపగలిగితే తప్ప దానికి విడిగా పరిహారం రాదు.

ఇక క్యాప్చర్. కంపెనీ వకీలు ఏమంటాడో ఇప్పుడే చెప్పగలను. ‘మేము చెప్పింది భవిష్యత్తు గురించి. భవిష్యత్తు గురించిన మాట చెప్పిన రోజున నిజమూ కాదు, అబద్ధమూ కాదు. కాబట్టి తప్పుడు ప్రకటన అన్న ప్రశ్నే లేదు.’ వినడానికి బాగానే ఉంటుంది. దీనికి జవాబు 1885లోనే వచ్చింది. ఎడ్గింగ్టన్ కేసులో ఒక కంపెనీ డైరెక్టర్లు భవనం మార్పులకు, గుర్రాలూ బండ్లూ కొనడానికి, వ్యాపారం పెంచడానికి అని చెప్పి జనం దగ్గర అప్పు తీసుకున్నారు. లోపల అనుకున్నది మాత్రం మెడ మీదున్న బాకీలు తీర్చుకోవడం. మనిషి ఉద్దేశం కూడా ఒక వాస్తవమేనని, దాని గురించి అబద్ధం చెబితే వాస్తవం గురించి అబద్ధం చెప్పినట్టేనని అక్కడ తేల్చారు. ఆ మాట రాసిన న్యాయమూర్తి బోవెన్, ఏడేళ్ల తర్వాత కార్లిల్ కేసు విన్న ముగ్గురిలోనూ ఉన్నారు. ప్రకటనలు రాసేవారికి ఆయనంటే ఎంత కోపం ఉండేదో!

కాబట్టి ‘క్యాప్చర్ త్వరలో వస్తుంది’ అన్న మాటను విప్పి చూడాలి. అందులో వర్తమానానికి చెందిన వాస్తవాలు రెండు దాగి ఉన్నాయి: ఆ రోజున కంపెనీకి ఆ పని చేసే ఉద్దేశం ఉందన్నది ఒకటి, మీకు అమ్ముతున్న పెట్టెకు ఆ శక్తి ఉందన్నది రెండోది. ఉద్దేశం నిరూపించడం కష్టం. శక్తి సంగతి అలా కాదు. మోడలర్‌లో శబ్దాన్ని లెక్కగట్టే డీఎస్పీ చిప్పు, మెమరీ ఫ్యాక్టరీలోనే బోర్డుకు అతికించి వస్తాయి. అమ్మిన తర్వాత మారేది ఫర్మ్‌వేర్ ఒక్కటే. ఏ అప్‌డేటూ చిప్పు బలాన్ని పెంచలేదు. క్యాప్చర్ ఆ చిప్పు మోయలేని పనే అయితే, ఆ సంగతి మీకంటే ముందు తెలిసే అవకాశం తయారుచేసినవారికే ఉంది.

అందుకే కొత్త మోడల్ ప్రకటన చూసి మీకు కోపం వస్తే, నాకు మాత్రం అది చేతికందిన సాక్ష్యంలా కనబడింది. ‘క్యాప్చర్ కోసమే మరింత శక్తిమంతమైన ప్రాసెసర్ పెట్టాం’ అని వాళ్లు ఎక్కడైనా రాశారా, ఇంటర్వ్యూలో అన్నారా వెతకండి. అలా అని ఉంటే పాత పెట్టెకు ఆ శక్తి లేదని వాళ్ల నోటితోనే చెప్పినట్టు. ఆ ముక్క మారిపోకముందే భద్రపరచండి. అలా అనకపోయినా మీకు చిక్కు లేదు. ‘పాత పెట్టెకూ శక్తి ఉంది’ అంటే, మరి ఎందుకివ్వలేదో వాళ్లే చెప్పుకోవాలి.

ఏ దేశంలో కొన్నారో మీరు రాయలేదు. భారతదేశంలో అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. అందులో నాకు నచ్చిన మాట సెక్షన్ 2(10)లో, ‘లోపం’ నిర్వచనంలో ఉంది. చట్టం ప్రకారమో ఒప్పందం ప్రకారమో ఉండవలసిన నాణ్యత లేకపోవడమే కాదు, వ్యాపారి ఏ విధంగానైనా ఉందని చెప్పుకున్న ప్రమాణం లేకపోయినా అది లోపమే. ఏ విధంగానైనా అంటే వీడియోలోనైనా, పెట్టె మీద అచ్చులోనైనా. ఇక్కడ కంపెనీ మనసులో ఏముందో మీరు నిరూపించనక్కరలేదు. వ్యాపారి అన్న మాటలోకి తయారీదారు కూడా వస్తాడు, కాబట్టి అమ్మిన దుకాణాన్నీ కంపెనీనీ, దిగుమతిదారు ఉంటే అతన్నీ కలిపి ప్రతివాదులుగా చేర్చండి. సెక్షన్ 2(28) తప్పుదారి పట్టించే ప్రకటనలను నిర్వచిస్తుంది. ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడం కూడా అందులో ఉంది. చిప్పు చాలదని తెలిసీ చెప్పకపోతే అది ఇక్కడికి వస్తుంది. కొందరు ఉత్సాహంగా ఉత్పత్తి బాధ్యత అధ్యాయాన్ని కూడా ఫిర్యాదులో చేరుస్తారు. అది వస్తువు వల్ల మనిషికో ఇతర ఆస్తికో హాని జరిగినప్పటి మాట. మీకు దానితో పని లేదు.

షరతుల గురించి వాళ్లిచ్చిన జవాబుకు బెదరకండి. తప్పుదారి పట్టించే ప్రకటనల నివారణకు 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, చిన్న అక్షరాల గమనిక ప్రకటనలోని మాటను వివరించవచ్చు గాని దాన్ని కాదనకూడదు, దానిలోని తప్పుడు అర్థాన్ని దిద్దడానికి పనికిరాదు. పైన పెద్ద అక్షరాల్లో క్యాప్చర్ వస్తుందని చెప్పి, అడుగున రాకపోవచ్చునంటే చెల్లదు. ఇంకో సంగతి, ఆ షరతులు మీకు ఎప్పుడు కనబడ్డాయి? డబ్బు కట్టకముందా, ఇంటికి తెచ్చి స్విచ్ వేశాకా? తర్వాతే అయితే కొనుగోలు ఒప్పందంలో అవి భాగమెలా అయ్యాయని అడగవచ్చు. ఒక్క మెలకువ: ఆ షరతు ‘అన్యాయ ఒప్పందం’ కాబట్టి కొట్టేయండని కోరవద్దు. ఆ ఫిర్యాదులు రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌లో వేయాలి, జిల్లా కమిషన్ వినదు. షరతు ఉన్నా ప్రకటన మాట చెరిగిపోదని మాత్రమే వాదించండి.

స్టేజి మీద సంపాదిస్తానన్నారు. దాన్ని వాళ్లు తప్పక ఎత్తుతారు, వాణిజ్య అవసరానికి కొన్నవాడు వినియోగదారుడు కాడని. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నవారిని చట్టం ఆ అడ్డు నుంచి మినహాయించింది, వారు వినియోగదారులే. మీరే వాయిస్తున్నారా, అద్దెకిస్తున్నారా అన్నదే ముఖ్యం. ఫిర్యాదులో మొదటి పేజీలోనే ఈ సంగతి రాయండి, దాచి తర్వాత బయటపడితే నమ్మకం పోతుంది.

ఇప్పుడు ఇరవై నెలల మాట. సెక్షన్ 69 ప్రకారం వివాదకారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. క్యాప్చర్ పాత పెట్టెకు రాదని తేలిన రోజు నుంచే గడువు మొదలవుతుందని వాదించవచ్చు, వాదనలో పస కూడా ఉంది. కానీ ఆ వాదన మీద కేసు నిలబెట్టుకోవలసిన అవసరం మీకు ఇంకా రాలేదు. కొన్న తేదీ నుంచి లెక్కేసుకుని, మిగిలిన నాలుగు నెలల్లోనే వేసేయండి. కంపెనీతో ఉత్తరాలు నడుస్తున్నాయి కదా అని ఆగితే గడువు ఆగదు. ‘మీ సూచనను మా ఇంజనీర్లకు పంపాం’ అన్న తరహా జవాబులతో రెండేళ్లు దాటించుకున్నవారు నా దగ్గరకు తరచూ వస్తారు.

సాక్ష్యంలో ప్రాణమంతా తేదీలోనే ఉంది. మీరు కొనక ముందు వాళ్లు చెప్పింది మాత్రమే మీ కొనుగోలుకు కారణం కాగలదు. కాబట్టి ప్రకటన పేజీ, వీడియో, వాటి ప్రచురణ తేదీలు, బిల్లు, పెట్టె సీరియల్ నంబరు, ఇప్పుడున్న ఫర్మ్‌వేర్ వెర్షన్, కంపెనీ జవాబులు అన్నీ ఒకచోట చేర్చండి. పేజీని ఇప్పటికే మార్చేసి ఉంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత ప్రతి దొరకవచ్చు. ఎలక్ట్రానిక్ పత్రాలకు భారతీయ సాక్ష్య అధినియమంలోని సెక్షన్ 63 ధ్రువపత్రం జతచేయండి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య నియమాలను అంత బిగువుగా పట్టుకోకపోయినా, అది ఉంటే అవతలివారికి ఒక సాకు తగ్గుతుంది.

ఇతర దేశాల్లో ఉన్నవారి కోసం క్లుప్తంగా. యూరోపియన్ యూనియన్‌లో 2022 జనవరి 1 నుంచి అమలైన 2019/771 డైరెక్టివ్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే వస్తువులకు కూడా వర్తిస్తుంది. తయారీదారు బహిరంగంగా చెప్పిన మాటలకు కూడా అమ్మినవారే జవాబుదారీ, కనీసం రెండేళ్లు. అయితే మీరు కొనేలోపు ఆ మాటను సరిదిద్ది ఉంటే వాళ్లు తప్పించుకుంటారు. బ్రిటన్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం, అమెరికాలో రాష్ట్రాలు అనుసరించే యూనిఫామ్ కమర్షియల్ కోడ్‌లోని 2-313 సెక్షన్ చూడండి. బేరానికి పునాదిలో భాగమైన వాగ్దానం వారంటీ అవుతుందని, అమ్మేవాడి పొగడ్త మాత్రం వారంటీ కాదని అమెరికా సెక్షన్ సూటిగా చెబుతుంది. ఈ గొడవ గిటారిస్టులకే పరిమితం కాదు. యాపిల్ 2024 జూన్‌లో ప్రకటించిన సిరి మెరుగుదలలు 2025 మార్చిలో వాయిదా పడగానే, ఆ నెలలోనే కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో దావా పడింది.

పోలీసు కేసు ఎందుకు వద్దంటున్నానంటే, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం నిలవాలంటే అమ్మిన క్షణానికే దగా చేసే బుద్ధి ఉందని చూపాలి. మాట ఇచ్చి తర్వాత నిలబెట్టుకోకపోవడం ఒక్కటే సరిపోదు. అప్‌డేట్లు ఇస్తూ, ఎడిటర్ కూడా తెచ్చిన కంపెనీ మీద అది నిలవదు. నాలుగు నెలల గడువు పోలీసు స్టేషన్ చుట్టూ తిరగడంలో కరిగిపోతుంది.

ఏమి అడగాలి? డబ్బంతా వాపసు అడిగితే, ఇరవై నెలలు దీనితోనే వాయించారు కదా అని కమిషన్ అడుగుతుంది, అడగాలి కూడా. నేనైతే వరస ఇలా పెడతాను: ఫలానా తేదీలోపు క్యాప్చర్ ఇవ్వాలి, లేదా ఆ సదుపాయం లేనందుకు ధరలో తగ్గవలసిన మొత్తం ఇవ్వాలి, అదీ కాకపోతే పెట్టె వాపసు తీసుకుని డబ్బివ్వాలి. రెండోదే మీకు దక్కే అవకాశం ఎక్కువ, కాబట్టి దానికి లెక్క చూపించండి. అప్పట్లో క్యాప్చర్ ఉన్న, లేని మోడలర్ల ధరల మధ్య తేడా మంచి కొలమానం. పైన ఖర్చులు, మానసిక వేదనకు మితంగా కొంత. భారీ అంకె వేస్తే కేసు బలం పెరగదు.

ముందు పదిహేను రోజుల గడువుతో నోటీసు పంపండి. అందులో కోపం వద్దు. ఫలానా తేదీన మీ పేజీలో ఈ వాక్యం ఉంది, ఫలానా తేదీన నేను కొన్నాను, నేటికీ ఆ సదుపాయం లేదు, ఈ పెట్టె చిప్పుకు ఆ శక్తి ఉందా లేదా సూటిగా చెప్పండి అని రాస్తే చాలు. ఆ చివరి ప్రశ్నకు వాళ్లు ఏ జవాబిచ్చినా, అసలు ఇవ్వకపోయినా మీకే లాభం. తర్వాత వినియోగదారుల ఫిర్యాదులను ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో, మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. కంపెనీ ఎక్కడుందన్నది అడ్డం కాదు. చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే రుసుము లేదు.

కేసు తేలేదాకా ఆ మోడలర్‌ను అమ్మకండి, కొత్త మోడల్‌కు బదులుగానూ ఇవ్వకండి. లోపం ఉందో లేదో పరీక్షిస్తే తప్ప తేలదనిపిస్తే కమిషన్ దాన్ని ప్రయోగశాలకు పంపవచ్చు, అప్పుడు అది మీ చేతిలో ఉండాలి. ఇకపై వచ్చే అప్‌డేట్ వేసేముందు తెర మీద కనబడే షరతులను ఫొటో తీసుకోండి. ‘పాత వాగ్దానాలపై హక్కులు వదులుకుంటున్నాను’ అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటే, ‘సరే’ నొక్కకుండా నాకు పంపండి.