కుర్చీతో పాటు సంతకం కూడా అడగండి

ప్రశ్న: నా వయసు 37. షాపులు, ఆఫీసు స్థలాలు, హోటల్ భవనాలు లీజుకు ఇప్పించే, అమ్మించే ఒక సంస్థలో పన్నెండేళ్లుగా తిరుపతిలో పనిచేస్తున్నాను. పార్టీలను తెచ్చేదీ, కాగితాలు చూసేదీ నేనే. నిరుడు యజమాని తన మేనల్లుణ్ని నాపై మేనేజరుగా పెట్టారు. ఇప్పుడు చిత్తూరులో కొత్త శాఖ తెరిచి, దాని బాధ్యత నన్ను తీసుకోమంటున్నారు. మావారు లెక్చరర్. ‘రోజూ చిత్తూరు వెళ్లి రావాలి, రాత్రిళ్లు పార్టీల ఫోన్లు, నలుగురూ ఏమనుకుంటారు? అమ్మాయి తొమ్మిదో తరగతి’ అంటున్నారు. అత్తగారు ముభావంగా ఉన్నారు. ఒప్పుకోవాలా, వదులుకోవాలా?
– ఒక సోదరి, తిరుపతి

జవాబు: అమ్మా, మీ పొడవైన ఉత్తరంలో ఒక చోట నా మనసు చివుక్కుమంది. తిలక్ రోడ్డులో భవనం చూడవచ్చిన బ్యాంకు అధికారులు లాక్-ఇన్ గడువు, అంటే లీజును మధ్యలో వదులుకోకూడని కాలం, ఎంత అని అడిగారు. మేనేజరు మీ వైపు చూశారు. మీరు మెల్లగా చెప్పారు. ఆయన అదే మాట గట్టిగా వాళ్లకు చెప్పారు. ఒప్పందం కుదిరాక అభినందనలన్నీ ఆయనకు అందాయి. చిత్తూరు శాఖ కూడా ఇలాగే నడుస్తుందా, లేదా? ముందు తేలవలసింది ఇదే.

కాబట్టి యజమానికి ‘సరే’ అనే ముందు కొన్ని సంగతులు అడగండి. మీ జవాబుదారీ మేనల్లుడికా, నేరుగా ఆయనకా? ఎంత విలువ వరకు లీజును మీరే ఖరారు చేయవచ్చు? కమీషన్ తగ్గించే అధికారం, సిబ్బందిని ఎంచుకునే అధికారం, చెక్కు మీద సంతకం ఎవరివి? శాఖ లాభంలో మీ వాటా ఎంత? ఇవన్నీ నియామక లేఖలో రాసి ఇవ్వమనండి. ‘మనలో మనకు కాగితాలెందుకమ్మా’ అంటారేమో, మొహమాటపడవద్దు. ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించనిదే వదలని మీరు, పన్నెండేళ్ల శ్రమను నోటి మాటకు వదిలేయడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

మీ విలువ మీరే తక్కువగా చెప్పుకున్నారు. దేవస్థానం భూములు, మఠం భూములు ఇంతగా కలగలిసిన తిరుపతిలో సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడకుండా అడ్వాన్సు ఇప్పిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యాజమాన్య పత్రాలు), తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ప్లాను చూసి ఎన్ని బేరాలను మధ్యలోనే ఆపి పార్టీలను కాపాడారో కూడా రాశారు. ఆపిన బేరాలు ఎవరి లెక్కలోకీ రావు. అందుకే అవీ, కుదిర్చినవీ కలిపి విలువలతో, తేదీలతో ఒక పుస్తకంలో రాసి, యజమానితో మాట్లాడే రోజు ముందు పెట్టుకోండి.

కొత్త ప్రాజెక్టుల్లో షాపులు, ఆఫీసులు అమ్మించే ఏజెంటు 2016 నాటి చట్టం కింద రెరాలో (స్థిరాస్తి రంగ నియంత్రణ సంస్థలో) నమోదు కావాలి. వ్యక్తులు తమ పేరున చేసుకోవచ్చు. మీ ఉద్యోగ ఒప్పందం అడ్డు రాకపోతే మీరూ చేసుకోండి. సాయంత్రం టీ దుకాణం దగ్గర మగవాళ్ల మధ్య తిరిగే కబుర్లు మీకు అందవన్నారు. నిజమే, అది చిన్న నష్టం కాదు. అయితే బ్యాంకులకు లీగల్ ఒపీనియన్ ఇచ్చే న్యాయవాదులు, ఆర్కిటెక్టులు, ఆడిటర్లు పగలే దొరుకుతారు. ఏ భవనం ఖాళీ కాబోతోందో చాలాసార్లు వాళ్లకే ముందు తెలుస్తుంది.

రాత్రి పదింటికి ఫోను చేసి సొంత విషయాలు అడుగుతున్నాడని మీరు ఉత్తరంలో రాసిన ఆ పార్టీ సంగతి యజమాని దగ్గర దాచవద్దు. బయటివారి నుంచి కూడా ఉద్యోగినికి రక్షణ కల్పించే బాధ్యత 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం యజమానిపైనే పెట్టింది. పని మీద వెళ్లిన సైటూ పని ప్రదేశమే. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. లేనిచోట జిల్లా స్థానిక కమిటీ ఉంటుంది. ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలి. కాల్ వివరాలు, మెసేజీలు చెరిపేయకండి.

ఇక ఇల్లు. ‘నలుగురు’ అన్నప్పుడు మీవారి మనసులో ఉన్నది స్టాఫ్ రూమే కావచ్చు. భూముల బేరాలంటే లోకానికి ఉన్న చిన్నచూపు ఆయన చెవిన పడుతూనే ఉంటుంది. మీరు చేసేది ఏమిటో ఆయన దగ్గరగా చూశారా? ఒక ఆదివారం మీరు లీజుకు ఇప్పించిన భవనానికి తీసుకెళ్లండి. కాగితాల్లో మీరు పట్టుకున్న తప్పు ఒకటి చూపించి, అది దొరకకపోతే ఎవరికి ఎంత పోయేదో చెప్పండి. చదువు చెప్పే మనిషికి ఆ శ్రద్ధ అర్థమవుతుంది.

ఆ తర్వాత అనుమతి అడగకండి, పని పంచుకోమని అడగండి. చిత్తూరు సుమారు డెబ్బై కిలోమీటర్లు. మీరు ఇల్లు చేరేసరికి రాత్రి అవుతుంది, ఆయన మాత్రం సాయంత్రమే వస్తారు. అమ్మాయి చదువు, ఆ పూట భోజనం ఆయనవి కావాలి. తొమ్మిది తర్వాత పది, ఆపైన ఇంటర్. పిల్ల చదువు కోసం ఆగాలంటే ఏ ఏడూ ఖాళీ దొరకదు. అమ్మ ఏం ఎంచుకుందో ఆ పిల్ల గమనిస్తూనే ఉంటుంది.

అత్తగారి ముభావానికి వంటిల్లంతా తన మీద పడుతుందనే భయం కారణం కావచ్చు. ఆ భయం అన్యాయమైనది కాదు. పెరిగే జీతంలోంచి వంటమనిషిని పెడతామని ఆవిడకు మీరే స్వయంగా, అందరికంటే ముందు చెప్పండి.

మొదటి ఆరు నెలలు వారానికి నాలుగు రోజులు చిత్తూరు, మిగిలినవి తిరుపతి అని యజమానిని అడిగి చూడండి. అధికారం రాసిస్తే వెళ్లండి. బాధ్యత మీకు, నిర్ణయం మేనల్లుడికి అంటే వెళ్లవద్దు. అప్పుడు ఆ లెక్కల పుస్తకం, చేతిలో ఉన్న పొదుపు వివరాలతో మళ్లీ రాయండి. సొంత ఆఫీసు పెట్టడమా, మరో సంస్థను చూడడమా అన్నది వాటిని బట్టి ఆలోచిద్దాం.