డ్రేపర్ పత్రాల్లో '11సీసీ54' ఎలా వెతకాలి?

డ్రేపర్ పత్రాలంటే అమెరికా తొలినాటి సరిహద్దు ప్రాంతాల చరిత్ర మీద లైమన్ డ్రేపర్ సేకరించిన కాగితాలు. ఫుట్‌నోట్‌లో చూసిన పేజీ మీకు దొరకలేదంటే, మీరు తెరిచింది సీ సిరీస్ అయ్యుంటుంది. అవి కెంటకీలో తొలితరం వలసదారుల్లో ఒకడైన డేనియల్ బూన్ పత్రాలు. మీ ఫుట్‌నోట్‌లోని '11సీసీ54' అందులో దొరకదు.

1. మొదటి సంఖ్య (11) సంపుటం, మధ్యలో సిరీస్ (సీసీ), చివర పేజీ (54).

2. సిరీస్ పేరులో అక్షరం ఒకటా రెండా చూడండి. అందరూ పొరబడేది ఇక్కడే! జెడ్ అయ్యాక ఏఏ, బీబీ అంటూ మళ్లీ మొదలవుతుంది. సీసీ అంటే కెంటకీ (అమెరికాలోని ఒక రాష్ట్రం) పత్రాలు. బూన్ పేరు కనిపించిందని సీ దగ్గరే ఆగిపోకండి.

3. అసలు ప్రతులు విస్కాన్సిన్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. మీకు మైక్రోఫిల్మ్ చాలు. రీల్ అడిగేటప్పుడు సిరీస్, సంపుటం రెండూ చెప్పండి.

11సీసీలో జాన్ షేన్ అనే మతబోధకుడు కెంటకీ తొలితరం వలసదారులను అడిగి రాసుకున్న కబుర్లు ఉంటాయి. ఆ చేతిరాతకు మాత్రం ఓపిక కావాలి.