మాక్ డ్రిల్‌లో బాధితులుగా నటించే విద్యార్థులకు ఏమి నేర్పాలి?

విజయవాడలో వరద మాక్ డ్రిల్‌లో (నిజంగా వరద వచ్చినట్టు చేసే సాధనలో) బాధితులుగా నటించేందుకు కాలేజీ విద్యార్థులను ఎలా సిద్ధం చేయాలని అడిగారు కదా. ముందుగా చెప్పవలసింది ఒకటే: గట్టిగా ఏడవడం నటన కాదు. రక్షణ సిబ్బంది చూసేది లక్షణాలను.

బాధితుల్లో ఎవరికి ముందు చికిత్స చేయాలో రంగులతో తేల్చడానికి చాలాచోట్ల వాడే 'స్టార్ట్' పద్ధతిలో నడవగలిగినవారికి ఆకుపచ్చ గుర్తు. నడవలేనివారిలో శ్వాస నిమిషానికి 30 దాటినా, మణికట్టు దగ్గర నాడి అందకపోయినా, చిన్న మాట చెబితే చేయలేకపోయినా ఎరుపు, అంటే వెంటనే చికిత్స కావాలి. ఈ మూడూ బాగుంటే పసుపు, అంటే కాస్త ఆగవచ్చు. శ్వాసమార్గం సరిచేసినా ఊపిరి ఆడకపోతే నలుపు, అంటే ఇక బతికే ఆశ లేనట్టు. అందుకే ప్రతి నటుడి మెడలో ఈ వివరాలున్న కార్డు వేయండి. శ్వాస వేగం కార్డు మీద ఉంటే చాలు; నిజంగా అంత వేగంగా పీలిస్తే కళ్లు తిరుగుతాయి. రంగు మాత్రం కార్డు మీద రాయకండి, అది సిబ్బందే తేల్చాలి. నటుడు వారికి సూచనలు అందించకూడదు.

పాత్రలు మన ఊరి అనుభవం నుంచే తీసుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచినప్పటి పరిస్థితులు తలచుకోండి: ఇన్సులిన్ అందని వృద్ధుడు, డాబా దిగనని మొండికేసే తల్లి. ఇలాంటివారిని ఒప్పించడమే సిబ్బందికి అసలు పరీక్ష. అయితే ఆ వరదలో చిక్కుకున్న విద్యార్థులకు అడగకుండా ఈ పాత్రలు ఇవ్వకండి.

నిజంగా దెబ్బ తగిలితే అరవవలసిన మాటను ముందే అందరికీ చెప్పండి. అది వినగానే డ్రిల్ ఆగాలి.