టీనేజ్ అమ్మాయికి పాప్ స్మియర్ రిపోర్టు అబ్‌నార్మల్ అని వస్తే క్యాన్సరేనా?

కాదు. పాప్ స్మియర్ అంటే గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్ష. ఆ వయసులో అందులో తేడా కనిపిస్తే, అది చాలావరకు హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చే తాత్కాలిక మార్పే. లైంగిక సంబంధం మొదలైన కొత్తలో ఈ వైరస్ సోకడం చాలా మామూలు. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో ఒంట్లోని రోగనిరోధక శక్తే దాన్ని వదిలించేస్తుంది, గర్భాశయ ముఖద్వారంలోని కణాలూ మళ్లీ మామూలైపోతాయి. అందుకే వేరే ఆరోగ్య సమస్యలు లేనివాళ్లకు 21 ఏళ్లలోపు ఈ స్క్రీనింగే వద్దంటారు. ఉదాహరణకు, రిపోర్టులో 'ఎల్‌ఎస్‌ఐఎల్' అని ఉంటే అవి స్వల్ప మార్పులు; సాధారణంగా మందులేవీ ఇవ్వరు, ఏడాది తర్వాత మళ్లీ పరీక్ష చేస్తారు. 'హెచ్‌ఎస్‌ఐఎల్' అని ఉంటే అవి ఎక్కువ స్థాయి మార్పులు; అప్పుడు మాత్రం కాల్పోస్కోపీ (గర్భాశయ ముఖద్వారాన్ని లెన్స్‌తో పెద్దదిగా చేసి చూసే పరీక్ష) చేయించాల్సిందే. టెన్షన్‌తో చాలామంది 'మార్పులొచ్చిన ఆ భాగం వెంటనే తీయించేస్తే పోతుంది కదా' అనుకుంటారు. అది పొరపాటు. అవసరం లేకుండా కోయిస్తే, తర్వాత గర్భం దాల్చినప్పుడు నెలలు నిండకముందే కాన్పు అయ్యే ముప్పు పెరుగుతుంది.